పిల్లలు లేకపోవడం పాపమా?



ధమ్మ మిత్రులారా, ఈసారి కరపత్రం నా తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడుతున్నాను.

స్టీల్ ప్లాంటు పక్కన మా కాలనీ విహారంలో ప్రతి పౌర్ణమికీ వందన ఉంటుంది. త్రిశరణాలు, పంచశీలాలు చెప్పుకుని, బాబాసాహెబ్ రాసిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం' నుంచి రెండు పేజీలు చదువుకుని, టీ తాగి ఇళ్ళకు పోతాం. పెళ్ళయి ఆరేళ్ళయిన ఒక జంట క్రమం తప్పకుండా వచ్చేవారు. అబ్బాయిది కోక్ ఓవెన్ల దగ్గర కాంట్రాక్టు పని. అమ్మాయి గాజువాకలో ఒక బట్టల షాపులో లెక్కలు చూస్తుంది. ఒక పౌర్ణమినాడు ఆ అమ్మాయి టీ గ్లాసులు కడుగుతోంది. పెద్దవాణ్ణి కదా, అడిగే హక్కుందన్న చనువుతో నేను, "ఏటమ్మా, విశేషం ఏమైనా ఉందా?" అన్నాను. నవ్వింది. "ఉంటే మీకు చెప్పమా బాబాయ్" అంది.

ఆ తర్వాత మూడు పౌర్ణములు ఆమె రాలేదు. అబ్బాయి ఒక్కడే వచ్చి వెనక వరసలో కూర్చుని వెళ్ళిపోయేవాడు. చివరికి పక్కకు పిలిచి అడిగాను. "మీరు ఆ మాట అడిగిన రోజు పొద్దున్నే రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది బాబాయ్. ఐవీఎఫ్ రెండోసారి. పెట్టిన పిండం నిలవలేదు" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను అడిగింది పలకరింపే అనుకున్నాను. ఆమెకు తగిలింది బాణం.

సంయుత్త నికాయంలో బుద్ధుడు రెండు బాణాల గురించి చెప్పాడు. శరీరానికి కలిగే బాధ మొదటి బాణం. అది ఎవరికైనా తగులుతుంది, అరహంతుడికైనా తగులుతుంది. ఆ బాధ మీద ఏడుపు, భయం, నిందలు పేర్చుకుని మనసుకు తెచ్చుకునే బాధ రెండో బాణం. ధమ్మం తెలిసినవాడు ఆ రెండోది తగలకుండా చూసుకుంటాడు. ఈ బోధ చాలాసార్లు విన్నాను, చెప్పాను కూడా. కానీ ఒక సంగతి ఆ రాత్రే నాకు తట్టింది. పిల్లలు లేని దంపతుల విషయంలో రెండో బాణం వాళ్ళంతట వాళ్ళు పొడుచుకునేది కాదు. ఎక్కువసార్లు మనమే వేస్తాం. అత్త వేస్తుంది, ఆడపడుచు వేస్తుంది, పక్కింటావిడ వేస్తుంది, విహారంలో పెద్దమనిషి వేస్తాడు.

ముందు మొదటి బాణం సంగతి చూద్దాం. ఐవీఎఫ్ అంటే ఏదో ఒక ఇంజక్షనుతో అయిపోతుందని చాలామంది అనుకుంటారు. పది పన్నెండు రోజులు పొట్టకు రోజూ ఇంజక్షన్లు. రోజు మార్చి రోజు స్కానింగు. మత్తు ఇచ్చి అండాలు తీస్తారు. ల్యాబులో వీర్యకణాలతో కలిపి, తయారైన పిండాన్ని గర్భసంచిలో పెడతారు. ఆ తర్వాత తుంటికి ఇంజక్షన్లు చేస్తే, పొడిచిన చోట గట్టిపడి కూర్చోవడానికే కష్టంగా ఉంటుంది. కొందరికి పొట్ట ఉబ్బి, వాంతులై, ఊపిరి ఆడని స్థితి వస్తుంది. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాలి. ఇన్ని పడ్డాక దాదాపు రెండు వారాల ఎదురుచూపు. ఆ రెండు వారాలూ మెట్లెక్కినా భయం, దగ్గినా భయం. చివరికి ఒక చిన్న కాగితం మీద ఒక అంకె. వయసు తక్కువగా ఉన్న ఆడవాళ్ళకు కూడా ఒక ప్రయత్నంలో బిడ్డ చేతికి రావడం కంటే రాకపోవడమే ఎక్కువ. అప్పు చేసిన డబ్బు, పెట్టిన సెలవులు, పోయిన దినకూలీ అన్నీ ఆ అంకెలో కలిసిపోతాయి.

ఆస్పత్రిదాకా పోనివాళ్ళకూ ఈ బాధ ఉంటుంది. నెలనెలా ముట్టు వచ్చిన రోజు ఆ ఇంట్లో ఒక చావు జరిగినట్టే ఉంటుంది. దానికి పాడె ఉండదు, పలకరింపు ఉండదు. ఎవరూ చనిపోలేదు కాబట్టి ఏడవడానికి కూడా ఆమెకు అనుమతి లేదు.

ఇక రెండో బాణం. "ఇంకా నీళ్ళోసుకోలేదా?" "గొడ్రాలి మొహం చూసి బయల్దేరాను, పని కాలేదు." "సింహాచలం పోయి కప్పస్తంభాన్ని కౌగిలించుకోవే." "సర్పదోషం ఉందేమో, చూపించుకున్నారా?" "ఆర్ కార్డు మీద తెచ్చుకున్న ఉద్యోగం, కట్టుకున్న ఇల్లు, రేపు ఎవరు తింటారు?" ఈ మాటలు బౌద్ధం తీసుకున్న ఇళ్ళలో కూడా వినపడుతున్నాయి. దీక్ష తీసుకున్నాం, దేవుడి పటాలు తీసేశాం, బుద్ధుణ్ణీ బాబాసాహెబ్‌నీ గోడకు పెట్టుకున్నాం. గోడ మారింది, నోరు మారలేదు.

ఈ నోరు ఎక్కడిది? మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం చూడండి. పిల్లలు పుట్టని భార్య ఉండగా ఎనిమిదో ఏట మరో పెళ్ళి చేసుకోవచ్చని, పుట్టిన పిల్లలు చచ్చిపోతుంటే పదో ఏట, ఆడపిల్లల్నే కంటుంటే పదకొండో ఏట చేసుకోవచ్చని అక్కడ లెక్క కట్టి రాశారు. అదే అధ్యాయంలో, 'పుత్' అనే నరకం నుంచి తండ్రిని తప్పించేవాడు కాబట్టి 'పుత్రుడు' అన్నారు. మన పెద్దలు చెప్పే పున్నామ నరకం అదే. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో మన పెద్దలు ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. కాగితం కాలింది. పెళ్ళయిన ఎనిమిదో ఏట "ఇంకో సంబంధం చూద్దామా" అని కొడుకు చెవిలో గొణిగే తల్లి మన వాడలో ఉంటే, ఆ పేజీ ఇంకా కాలనట్టే.

పిండం అన్న మాటకు మన భాషలో రెండు అర్థాలున్నాయి. కడుపులో పడేది పిండమే, చచ్చినవాళ్ళకు పెట్టేదీ పిండమే. రెండోది పెట్టడానికి మొదటిది కావాలి అన్నది పాత లెక్క. కొడుకు పుట్టకపోతే పిండం పెట్టేవాడు లేడు, పిండం పెట్టేవాడు లేకపోతే పైలోకం లేదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ఆరోది శ్రాద్ధం పెట్టనని, పిండం వేయనని. దీక్ష నాడు మనం కూడా నిలబడి చెప్పిన మాటే అది. ఆ ఒక్క మాటతో ముడి తెగిపోయింది. పిండం పెట్టేవాడి అవసరమే లేనప్పుడు, పిండం నిలవని కడుపును నిందించే హక్కు ఎవరికుంది?

ఇంకో సంగతి. సీమంతానికి పిల్లలు లేనావిణ్ణి పిలవరు. పిలిచినా గాజులు తొడగనివ్వరు. పసిబిడ్డను చేతికివ్వడానికి వెనకాడతారు, దిష్టి తగులుతుందని. దీనికి మనం వేరే పేరు వెతకనక్కర్లేదు. ముట్టుకుంటే మైల, ఎదురొస్తే అపశకునం అన్నదాన్ని మన తాతలు తరతరాలు పడ్డారు. అప్పుడు బావి గట్టు దగ్గర, ఇప్పుడు సీమంతం పీట దగ్గర. అంటరానితనం అంటే ఏమిటో ఒంటితో తెలిసినవాళ్ళం, మన ఇంట్లో ఒక మనిషికి దాన్ని తిరిగి పెట్టడం కంటే సిగ్గుచేటు ఏముంది?

"అది కాదండి, పూర్వజన్మలో ఏదో చేసుకుంటేనే ఇలా అవుతుంది, బుద్ధుడు కూడా కర్మ అన్నాడు కదా" అని కొందరు అంటారు. ఇది బుద్ధుడి మీద వేసే నింద. మోలియసీవకుడు అనే పరివ్రాజకుడు ఇదే ప్రశ్న బుద్ధుణ్ణి అడిగాడు: మనిషి పడే ప్రతి సుఖదుఃఖానికీ వెనకటి కర్మే కారణమా అని. కాదన్నాడు బుద్ధుడు. పిత్తం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, ఈ మూడూ కలిసి, రుతువు మార్పు వల్ల, జాగ్రత్త లేకపోవడం వల్ల, బయటి దెబ్బ వల్ల కూడా బాధలు వస్తాయని చెప్పి, కర్మఫలాన్ని ఎనిమిదింటిలో ఒకటిగా మాత్రమే లెక్కించాడు. అన్నిటికీ వెనకటి కర్మే అనేవాళ్ళు తమకు తెలిసినదాన్నీ, లోకం ఎరిగినదాన్నీ దాటి మాట్లాడుతున్నారని కూడా అన్నాడు. బాబాసాహెబ్ ఇంకా ముందుకు వెళ్ళి, పూర్వజన్మ కర్మ ఈ జన్మను నిర్ణయిస్తుందన్న సిద్ధాంతం బుద్ధుడిది కాదని వాదించారు. ఎందుకో మనకు బాగా తెలుసు. పూర్వజన్మ పాపం వల్లే అంటరాని కులంలో పుట్టావు అని మనల్ని అణిచింది ఆ సిద్ధాంతమే. మన పుట్టుక దగ్గర దాన్ని కాదని, ఆమె కడుపు దగ్గర అవునంటే ఎలా?

కాబట్టి కారణం వెతకాలి. కారణం శరీరంలో ఉంటుంది, శరీరం ఇద్దరిది. ఏడాదిపాటు గర్భనిరోధకాలు వాడకుండా కలిసి ఉన్నా గర్భం రాకపోతే దాన్ని సంతానలేమి అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పెద్దవాళ్ళలో సుమారు ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య ఎదురవుతుందని 2023లో ఆ సంస్థ ప్రకటించింది. ఆరుగురిలో ఒకరంటే మన విహారంలో కూర్చునే ప్రతి వరసలోనూ ఒకరుంటారు. అది శాపమైతే లోకమంతా శాపగ్రస్తమే.

దాదాపు సగం జంటల్లో మగవాడి వైపు కూడా కారణం ఉంటుంది. ఆడదానికి హార్మోన్ల పరీక్షలు, ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే, అవసరమైతే పొట్టలోకి గొట్టం పెట్టి చూడటం. మగవాడికి ముందు చేసేది వీర్యపరీక్ష. నొప్పి లేదు, ఖర్చు తక్కువ. అయినా మన ఇళ్ళలో ఆమె మూడేళ్ళు ఆస్పత్రుల చుట్టూ తిరిగాక గానీ ఆయన పరీక్షకు వెళ్ళడు. వీర్యకణాలు తయారవడానికి ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ వేడి కావాలి. కోక్ ఓవెన్లు, కొలిమి, బాయిలర్ల దగ్గర ఏళ్ళ తరబడి పనిచేస్తే వాటి సంఖ్య, కదలిక తగ్గే అవకాశం ఉంది. అందరికీ అలా జరగదు. కానీ గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని అందమైన పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసుల ఊళ్ళో ఉంటూ ఈ సంగతి తెలియకపోతే ఎలా? డాక్టరుకు మీరు చేసే పని ఏమిటో తప్పకుండా చెప్పండి. మందు, సిగరెట్టు, ఖైనీ కూడా హాని చేస్తాయి. పంచశీలాల్లో అయిదోది ఇక్కడ కూడా పనికొస్తుంది. వీర్యకణాలు తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది, అందుకని ఇవాళ మానేస్తే ఫలితం రేపే కనపడదు. ఇక ఆడవాళ్ళలో, బయటికి తెలియకుండా గర్భసంచికీ ట్యూబులకూ సోకే క్షయ మన దేశంలో ఒక ముఖ్య కారణం. దానికి మందు ఉంది. సర్పదోషానికి పూజ చేయించే డబ్బుతో ముందు ఈ పరీక్షలు చేయించుకోవచ్చు.

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న మిగులుతుంది. బిడ్డ కావాలని కోరుకోవడమే తణ్హ కదా, తణ్హే దుఃఖానికి మూలం కదా, అయితే ఆ కోరిక వదిలేయమని చెప్పాలా? అలా చెప్పేవాళ్ళు ఉన్నారు. ఇద్దరు పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్తారు. కడుపు నిండినవాడు ఆకలిగొన్నవాడికి ఉపవాసం గొప్పతనం చెప్పినట్టు ఉంటుంది అది.

తల్లిదండ్రులు పిల్లల్ని ఎందుకు కోరుకుంటారో బుద్ధుడు అంగుత్తర నికాయంలో అయిదు కారణాలు చెప్పాడు. పెంచినందుకు తిరిగి చూస్తారని, పనిలో సాయపడతారని, వంశం నిలుస్తుందని, ఆస్తికి వారసులవుతారని, చనిపోయాక దానధర్మాలు చేస్తారని. కోరేవాళ్ళను ఆయన తిట్టలేదు. కోరుకోవడం మనిషి తనం. ఆ కోరిక తీరకపోతే నేను మనిషినే కాను, నా బతుకుకు విలువ లేదు అనుకోవడం దగ్గర పట్టు మొదలవుతుంది. ఆ పట్టే ఉపాదానం. చెయ్యి చాచడం వేరు, నిప్పుకణికను పట్టుకుని వదలకపోవడం వేరు.

పిల్లలు ఉంటే దుఃఖం ఉండదన్నదీ భ్రమే. మన ఊరి పేరే ఉన్న మహా ఉపాసిక విశాఖ, పిల్లలూ మనవలూ నిండిన ఇంటి ఇల్లాలు, ఒకనాడు మనవరాలు చనిపోతే తడి బట్టలతో, తడి జుట్టుతో బుద్ధుడి దగ్గరికి వచ్చింది. ఎంతమంది ప్రియమైనవాళ్ళుంటే అన్ని దుఃఖాలని ఆయన ఆమెకు చెప్పాడు. బాబాసాహెబ్, రమాబాయి దంపతులకు అయిదుగురు పిల్లలు పుడితే నలుగురు పసితనంలోనే పోయారు. యశ్వంత్ ఒక్కడే మిగిలాడు. 1926లో చిన్న కొడుకు రాజరత్న పోయినప్పుడు బాబాసాహెబ్ ఎంత కుంగిపోయారో చరిత్రలో ఉంది. ఆయన కన్నీళ్ళు పెట్టుకున్నారు, ఆ కన్నీళ్ళతోనే మరుసటి ఏడు మహాడ్ చెరువుకు నడిచారు. ఏడవడం ధమ్మానికి విరుద్ధం కాదు.

కోరిక పట్టుగా మారితే ఏమవుతుందో మోసగాళ్ళకు బాగా తెలుసు. 2025 జూలైలో సికింద్రాబాద్‌లోని ఒక సంతాన సాఫల్య కేంద్రం మీద పోలీసులు పెట్టిన కేసు పత్రికల్లో చదివే ఉంటారు. ఐవీఎఫ్ కోసం వెళ్ళిన దంపతులకు అద్దెగర్భం ద్వారా మీ బిడ్డే పుడుతుందని చెప్పి 35 లక్షల దాకా తీసుకున్నారని, మన విశాఖపట్నంలో బిడ్డను చేతిలో పెట్టారని, తర్వాత డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ఆ బిడ్డకూ వాళ్ళకూ సంబంధం లేదని తేలిందని పోలీసులు చెప్పారు. ఆ బిడ్డ ఒక పేద జంటకు పుట్టిన బిడ్డ అని కూడా చెప్పారు. నేరం ఎవరిదో కోర్టు తేలుస్తుంది. మనం ఆలోచించాల్సింది వేరే. ఉపాసకుడు చేయకూడని అయిదు వ్యాపారాల్లో ప్రాణుల వ్యాపారాన్ని బుద్ధుడు ఎప్పుడో చేర్చాడు. ఒక తల్లి ఒడి ఖాళీ చేసి మన ఒడి నింపుకుంటే అది సుఖం అవుతుందా? ఆ పేద తల్లి ఏ వాడ మనిషో మనకు తెలుసు. రేపు అది మన ఆడపిల్లే కావచ్చు.

2021లో వచ్చిన రెండు చట్టాల ప్రకారం సంతాన సాఫల్య కేంద్రాలు ప్రభుత్వం దగ్గర రిజిస్టరై ఉండాలి. డబ్బులకు అద్దెగర్భం నిషేధం. రిజిస్ట్రేషన్ పత్రం అడగండి, ప్రతి రసీదూ తీసుకోండి, గ్యారంటీ అన్నవాణ్ణి నమ్మకండి. దత్తత కావాలంటే కేంద్ర దత్తత సంస్థ 'కారా'లో పేరు నమోదు చేసుకోవాలి; దారి చూపడానికి జిల్లా బాలల సంరక్షణ విభాగం ఉంది. ఏ మతం వాళ్ళయినా ఈ దారిలో వెళ్ళవచ్చు. 2022 నుంచి దత్తత ఉత్తర్వు జిల్లా కలెక్టరే ఇస్తున్నారు. ఎదురుచూపు ఏళ్ళు పడుతుంది, అయినా అదే సరైన దారి. నర్సు ద్వారా, దళారీ ద్వారా బిడ్డను తెచ్చుకోవడం నేరం. దత్తత బిడ్డ మన బిడ్డ అవుతుందా అని అనుమానపడేవాళ్ళు సిద్ధార్థుణ్ణి గుర్తు చేసుకోవాలి. కన్నతల్లి మహామాయ ఏడో రోజున పోయింది. పెంచింది మహాప్రజాపతి గౌతమి. ఆయన పేరులో గౌతముడని మనం తలుచుకున్నప్పుడల్లా ఆ పెంచిన తల్లి కూడా గుర్తుకు రావాలి.

వైద్యానికి వెళ్ళేవాళ్ళకు ఒక మాట. మొదలుపెట్టక ముందే ఇద్దరూ కూర్చుని ఎన్నిసార్లు, ఎంత డబ్బు, ఏ వయసు దాకా అని హద్దు రాసుకోండి. ఆశలో ఉన్నప్పుడు హద్దు కనపడదు. హద్దు దగ్గర ఆగడం ఓటమి కాదు, అది మజ్ఝిమ మార్గం. ఇంజక్షను రోజున ఆయన పక్కన ఉండాలి. సి షిఫ్ట్ చేసి వచ్చినా సరే. సిగాలోవాద సుత్తంలో భర్త భార్యకు చేయవలసిన అయిదింటిలో గౌరవించడం, చిన్నబుచ్చకపోవడం మొదట ఉన్నాయి. భార్య చేయవలసిన అయిదింటిని కూడా చదవండి. కొడుకును కనడం అందులో లేదు. మా అమ్మ అలా అంటుంటే నేనేం చేయను అనే భర్త, తల్లి వేసే బాణానికి విల్లు అందిస్తున్నట్టే. ఆ మాట ఆపాల్సింది అతనే. ఆమె రాత్రుళ్ళు నిద్రపోకపోయినా, చచ్చిపోవాలనిపిస్తోందన్నా, ధ్యానం చేయమని ఊరుకోకండి. డాక్టరుకు చూపించండి. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ టెలి-మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

మిగతా మనందరికీ చెప్పేది చిన్నది. విశేషం ఉందా అని అడగకండి. వాళ్ళు చెప్తే వినండి, సలహా అడిగితేనే చెప్పండి. సీమంతానికి పిలవండి, రానంటే ఎందుకని అడగకండి. మెత్త భావన చేసేటప్పుడు తల్లి ప్రేమను కొలతగా పెట్టుకుని లోకంలో ప్రాణులన్నిటికీ పంచమంటుంది ధమ్మం. ఆ ప్రేమ కన్నవాళ్ళకే పుడుతుందని ఎక్కడా అనలేదు.

మొన్న నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఇంటివాళ్ళు చూస్తుండగానే, "ఆ రోజు అడగకూడని మాట అడిగానమ్మా, తప్పు నాది" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ అమ్మాయి అంది: "వస్తాను గానీ బాబాయ్, ఈసారి టీ గ్లాసులు మీరు కడగాలి."

పౌర్ణమికి వచ్చింది. గ్లాసులు నేనే కడిగాను. వచ్చే నెల మా కాలనీలో ఒక పసిబిడ్డకు పేరు పెట్టే కార్యక్రమం ఉంది. త్రిశరణాలు ఆమెనే చెప్పించమని అడిగాం, ఇష్టమైతేనే అన్నాం. ఆలోచించి చెప్తానంది. తొందర లేదు. మేం నేర్చుకోవాల్సింది ఇంకా ఉంది.

జై భీమ్. నమో బుద్ధాయ.